ఉడుకొచ్చేదాకా

జోగులు ముక్కు విరిగిన రోజే కాసులమ్మ కేసు కోర్టులో పడింది. రెండు గొడవలూ నిజానికి ఒకటేనని ఆ రోజు తోచింది కాసులమ్మ ఒక్కదానికే. ముక్కు విరగ్గొట్టిన గవరయ్యకైతే అసలు తోచలేదు. ఆయన ఆమె తండ్రి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన బస్సు వండూర్‌లో ఆగేసరికి ఒడ్డున జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. కబడ్డీ ఆడేవాళ్లకి అలాంటి గుంపు కనిపిస్తే కాళ్లు వాటంతటవే అటు పోతాయి. కాసులమ్మ భుజాలతో తోసుకుంటూ లోపలికి వెళ్లింది. మధ్యలో జోగులు మోకాళ్ల మీద ఉన్నాడు. ముక్కులోంచీ నోట్లోంచీ కారిన రక్తం గడ్డం మీద కలిసి ఇసుకలోకి బొట్లు బొట్లుగా పడుతోంది. ఎదురుగా గవరయ్య, చేతిలో తెడ్డు. పక్కన చేయంత పొడుగు కోనాం చేపని రెండు కుక్కలు చెరోవైపు లాగుతున్నాయి.

"సీజను నడిమిన బోటు మారతావేటిరా, నా కొడకా?"

"సేప తెచ్చినాను గదా మావా," అన్నాడు జోగులు. మాట బుడగలు బుడగలుగా వచ్చింది. "మర్యాదగానే తెచ్చినాను."

"నీ మర్యాదని కుక్కలు తింతన్నాయి, సూడు."

తెడ్డు మళ్లీ లేచింది. ఈసారి భుజం మీద పడింది. మొద్దు మీద గొడ్డలి దిగినట్టు చప్పుడైంది. మూడో దెబ్బకి తెడ్డు గాల్లోనే ఆగిపోయింది, ఎందుకంటే దాని రెండో కొన కాసులమ్మ చేతిలో ఉంది.

"ఒగ్గీ గుంటా."

"ఒగ్గను. సచ్చిపోతాడు."

"సావనీ."

అక్కడి వాళ్ల పద్ధతి అది. వానలు వెళ్లాక సీజను మొదలైతే, ఎక్కిన డుంగీ పడవలోనే కలాసీ సీజను చివరిదాకా పనిచేయాలి. మధ్యలో ఇంకో డుంగీ ఎక్కాలంటే పాత యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోమని నోటితో ఎవరూ అడగరు. తను పట్టిన చేప ఒకటి తెచ్చి ఆ ఇంటి గడప మీద పెడతారు. ఆ చేప ఆ ఇంటి పొయ్యి మీద ఉడుకు పట్టిందా, ఆ మనిషి విడుదలైనట్టే. ఇక దేవుడు దిగొచ్చినా ఆపడానికి లేదు. చేపని బయటికి విసిరేశారా, సీజను అయ్యేదాకా ఒడ్డున కూర్చోవాల్సిందే. ఏ డుంగీ వాడూ అతన్ని ఎక్కించుకోడు.

జోగులు పెళ్లాం డిగ్లీపూర్‌లో పుట్టింట్లో నెలలు నిండి ఉంది. సూరయ్య డుంగీ అటు వైపు పోతుంది. జోగులు మారింది అందుకు. కాసులమ్మ పాత కాలేజీ వదిలి కొత్త కాలేజీలో చేరింది అక్కడ కంప్యూటర్ల కోర్సు పెట్టారని. ఇద్దరూ ఆట కోసమో వేట కోసమో మారలేదు. ఇద్దరికీ దెబ్బ పడింది మాత్రం సరిగ్గా అక్కడే.

కాలేజీల మధ్య పోటీలకి ఒక రూలుంది. కాలేజీ మారిన ఆటగాళ్లు ఏడాదిపాటు ఆడకూడదు. అభ్యంతరం లేదని పాత కాలేజీ రాసిస్తే ఆడొచ్చు. కాసులమ్మకి పాత కాలేజీ రాసివ్వలేదు, ఏడాది ఆగే వీలూ లేదు. పదో తరగతి తర్వాత కొన్నేళ్లు వలలు అల్లుతూ కూర్చోవడంతో చదువు ఆలస్యమైంది. ఈ డిసెంబరుతో ఇరవై అయిదు నిండుతాయి. ఆ తర్వాత కాలేజీ పోటీల్లో ఎవరూ ఆడనివ్వరు. కాబట్టి ఏడాది ఆగమంటే ఇక ఎప్పటికీ ఆగమనే. ఇది సునామీకి రెండేళ్ల ముందు మాట.

జోగుల్ని ఎవరో జీపులో ఆసుపత్రికి తీసుకుపోయారు. కాసులమ్మ తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నా మీద గణేశ్వరరావు సారు ఏసిన రూలే నివ్వు జోగులు బావ మీద ఏసినావు."

గవరయ్య తెడ్డుకి అంటిన రక్తాన్ని ఇసుకతో రుద్దుతున్నాడు. "కాలేజీ కాలేజీయే, బోటు బోటే. రెంటినీ కలిపీకు."

గణేశ్వరరావు పాత కాలేజీలో ఆటల మాస్టారు. ఆయన తాతల కాలంలోనే దీవులకి వచ్చిన కుటుంబం. బ్రూక్షాబాద్‌లో డాబా ఇల్లుంది, స్కూటరుంది, విజిల్ తాడు ఉంది. తప్పుడు పట్టు పట్టిన పిల్లల వీపు మీద ఆ తాడు పడేది. కాసులమ్మ ఎడమ కనుబొమ్మ మీదున్న గీత ఆయన సంతకమే. అయినా ఆమెకి చీలమండ పట్టు నేర్పింది ఆయనే. అవతలివాడు కూతకి వచ్చి వెనక్కి తిరిగే క్షణంలో పాదం పైన పట్టుకుని, గడ్డం వాడి మోకాలి వెనక పెట్టి, ప్రాణం పోయినా వదలకూడదు. "ముఖం మీద తంతాడు. తన్ననీ. దాంత్ గిర్ జాయే, హాథ్ నహీ ఛూట్‌నా," అనేవాడు, పన్ను ఊడినా చెయ్యి వదలొద్దని. ఆ పట్టునే కాసులమ్మ తన జూనియర్ సీతాలుకి నేర్పింది. సీతాలుకీ వచ్చే ఏడాది కంప్యూటర్ల కాలేజీకి రావాలని ఉంది. "ముందు నువ్వెళ్లు దీదీ, నీ వెనకాల నేనొస్తా," అంది.

మర్నాడు గవరయ్య ఎవరికీ చెప్పకుండా ఇంకో కోనాం పట్టుకుని బ్రూక్షాబాద్ వెళ్లాడు. కూతురి పేరు చెప్పి చేపని గణేశ్వరరావు గడప మీద పెట్టాడు. ఆయన భార్య వచ్చి చూసి, "అరె, సుర్మయి! ఇంత పెద్దదా," అని సంతోషంగా లోపలికి తీసుకుపోయింది. గవరయ్య ఎదురు గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తాలింపు వాసన వచ్చింది. తర్వాత చింతపండు పులుసు ఉడికిన వాసన. అప్పుడు లేచి లుంగీ దులుపుకుని బస్సెక్కాడు.

"అయిపోయిందమ్మీ," అన్నాడు ఇంటికొచ్చి. మొహం వెలిగిపోతోంది. "నిన్ను ఒగ్గీసినారు. పులుసెట్టుకున్నారు."

కాసులమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "నాన్నా, ఆళ్లకి ఆ సంగతి తెల్దు. ఆళ్లు ఊరికే వొండుకుని తినీసినారు."

"తెల్దా? తెలుగోడే గదా?"

"తెలుగోడే. సముద్రం మీద బతికినోడు కాడు."

"పొయ్యికి తెలుస్తాది," అన్నాడు గవరయ్య. ఇక ఆ విషయం ఆయన దృష్టిలో ముగిసిపోయింది.

కలకత్తా నుంచి విమానంలో వచ్చి కొన్నాళ్లుండి పోయే జడ్జిల ముందు కేసు వచ్చింది. కాసులమ్మ లాయరు అప్పలకొండమ్మ. కోర్టులో అందరూ మిస్ కొండా అంటారు. చదువు కోసం మారిన పిల్లకి ఆటలో శిక్షేమిటని ఆమె అడిగింది. ఎందుకు ఒప్పుకోరో పాత కాలేజీ కారణం కూడా చెప్పలేదంది. జడ్జి కళ్లద్దాల మీదుగా అవతలి లాయరు వైపు చూశాడు. అవతలి లాయరు గణేశ్వరరావు చెప్పిన మాట చదివాడు. మూడేళ్లు తయారుచేసిన ఆటగత్తెని పోటీ కాలేజీకి ఊరికే ఇచ్చేస్తే రేపు జట్టంతా పోతుంది, కాబట్టి ఒప్పుకునేది లేదు. సోమవారం మళ్లీ వింటామన్నాడు జడ్జి.

వెనక బెంచీ మీదున్న గవరయ్య కూతురి చెవిలో గుసగుసగా అడిగాడు. "ఏటంతన్నాడు?"

"ఒప్పుకోనంతన్నాడు."

"తినీసి?"

కాసులమ్మ జవాబు చెప్పేలోపే ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆమె వరండాలోకి పరుగెత్తేసరికి గణేశ్వరరావు మెట్లు దిగుతున్నాడు. గవరయ్య ఆయన కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు.

"నా సేప తిన్నావా నేదా?"

"క్యా? ఎవరు నువ్వు?"

"తిన్నావా నేదా, సెప్పు."

"బహుత్ అచ్ఛా థా. థాంక్యూ," అన్నాడు గణేశ్వరరావు. వెటకారం కాదు, చేప చాలా బాగుందని నిజంగానే అన్నాడు.

గవరయ్య పిడికిలి ఆయన దవడ మీద దిగింది. వలతాళ్లు లాగి లాగి మొద్దుబారిన చెయ్యి అది. లోపల ఎముక పటుక్కుమనడం వరండాలో ఉన్నవాళ్లందరికీ వినిపించింది. గణేశ్వరరావు మెట్ల మీద పడ్డాడు. పడ్డవాడి మీద గవరయ్య కూర్చుని మళ్లీ కొట్టాడు. కళ్లద్దాలు విరిగి చెంపలో గుచ్చుకున్నాయి. "తినీసి ఒగ్గవా? తినీసి ఒగ్గవా?" అని దెబ్బకొకసారి అడుగుతున్నాడు. జవాబు చెప్పడానికి అవతలివాడికి నోరు పనిచేయడం లేదు. నలుగురు పోలీసులు లాగితే గానీ లేవలేదు. లేచాక తన వేళ్లలో ఇరుక్కున్న పంటి ముక్క చూసుకుని, దాన్ని తీసి మర్యాదగా మెట్టు మీద పెట్టాడు.

అప్పలకొండమ్మ గౌను భుజం మీంచి జారిపోయింది. సర్దుకోలేదు.

"కాసూ, మీ నాన్నకి బెయిల్ రెండ్రోజుల్లో వచ్చేస్తుంది. నీ కేసుకే రాదు. సోమవారం వాళ్లేమంటారో తెలుసా? ఈ పిల్లని ఆడిస్తే గ్రౌండ్‌లో హత్యలు జరుగుతాయంటారు."

"మరేటి చెయ్యాలి దీదీ?"

"గణేశ్వరరావు ఊఁ అంటే ప్రిన్సిపాల్ సంతకం పెడతాడు. వెళ్లి అడుగు. చేప మాత్రం తీసుకెళ్లకు."

ఆసుపత్రి వార్డులో గణేశ్వరరావు మంచం పక్క మంచం జోగులుది. ఒకే చేతి దెబ్బలు తిన్నవాళ్లు కాబట్టి మాటలు కలిశాయి. ఒకరికి ముక్కు లేదు, ఇంకొకరికి దవడ లేదు. ఇద్దరూ కలిసి ఒక మొహం తయారు చేయొచ్చు. కాసులమ్మ వెళ్లేసరికి జోగులు చేప సంగతి అంతా చెప్పేసినట్టున్నాడు. గణేశ్వరరావు ఆమెని చూసి నవ్వబోయి, నొప్పికి మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాడు. దవడకి తీగ కట్టారు. పళ్ల సందుల్లోంచి మాట్లాడాడు.

"పులుసు తిన్నందుకు పళ్లు ఊడడం ఫస్ట్ టైం."

"తప్పయిపోయింది సార్. మా నాన్నకి..."

"మీ నాన్న సంగతి వదిలెయ్. నా సంగతి విను. నిన్ను తయారు చెయ్యడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ కాలేజీవాళ్లు నాలుగు కంప్యూటర్లు పెట్టి పట్టుకుపోయారు. రేపు సీతాలు పోతుంది, ఎల్లుండి ఇంకోర్తి పోతుంది. నేనెవరికి నేర్పాలి? కుర్చీలకా?"

ఆయన మాటలో తప్పేమీ కనిపించకపోవడమే కాసులమ్మకి కోపం తెప్పించింది.

"మీ నాన్నా ఇదే అంటున్నాడు కదా, ఇతన్ని చూపించి." గణేశ్వరరావు జోగులు వైపు వేలు చూపించాడు. "సరే, దేఖో. మీ నాన్న తన రూలు వదిలితే నేను నా రూలు వదులుతా. ఇతని చేప మీ ఇంటి పొయ్యి మీద ఉడకాలి. సోమవారం లోపల. ఉడికిందని ఇతనొచ్చి చెప్తే సంతకం. పోలీసు కేసూ వద్దంటా."

"ఆయన సచ్చినా ఒప్పుకోడు సార్."

"మాలూమ్. నాకూ తెలుసు," అన్నాడు గణేశ్వరరావు. కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు ఆదివారం. జోగులు ముక్కు మీద తెల్లటి పట్టీతో వండూర్ జెట్టీ చివర కూర్చుని గేలం వేశాడు. టూరిస్టులు అతన్ని ఫోటో తీసుకున్నారు. డుంగీ లేని చేతికి కోనాం పడదు కదా, మధ్యాహ్నానికి అరచేయంత పార చేప పడింది. దాన్ని తెచ్చి గవరయ్య గడప మీద పెట్టి, వాకిట్లో దూరంగా నిలబడ్డాడు. కాసులమ్మ తల్లి బుల్లమ్మ చేపని చూసింది, కూతుర్ని చూసింది.

"మీ నాన్న బెయిల్ మీద బస్సెక్కినాడంట," అంది.

"ఎంతసేపు పడతాది, ఉడకడానికి?"

"సిన్న సేపే." బుల్లమ్మ కత్తిపీట లాక్కుంది.

పొయ్యిలో కొబ్బరిడొక్కలు అంటుకుని, పులుసులోకి చేప ముక్కలు జారాయి. అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. గవరయ్య జోగుల్ని చూశాడు, గడప మీద తడి చూశాడు. నేరుగా వంటగదిలోకి వచ్చాడు, చట్టిని తన్నడానికి కాలెత్తాడు.

ఆ కాలు పొయ్యిదాకా రాలేదు. కాసులమ్మ పక్కనుంచి నేల మీదకి దూకింది. రెండు చేతులూ చీలమండ మీద బిగుసుకున్నాయి, గడ్డం మోకాలి వెనక దిగింది. గవరయ్య దబ్బున బోర్లా పడ్డాడు. మొహం కత్తిపీటకి జానెడు దూరంలో ఆగింది. బుల్లమ్మ కత్తిపీటని పక్కకి జరిపి, గరిటెతో పులుసు కలిపింది.

"ఒగ్గీ."

"ఒగ్గను."

రెండో కాలితో తన్నాడు. మడమ ఆమె నోటి మీద పడింది. మళ్లీ తన్నాడు. ముందు పన్ను ఊడి నాలుక మీదకి వచ్చింది, ఉప్పగా, వేడిగా. ఉమ్మేస్తే పట్టు సడలుతుందని నోట్లోనే ఉంచుకుంది. గవరయ్య వెనక్కి తిరిగి జుట్టు పట్టి గుంజాడు. ఒక గుప్పెడు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. వీపు మీద పిడికిళ్లు దిగుతున్నాయి, పక్కటెముకల మీద, మెడ మీద. ఆమె కాలుని మెలితిప్పింది. చీలమండలో ఏదో కదిలి తండ్రి అరిచాడు. ఆయన అరవడం ఆమె పుట్టాక వినలేదు. చేతులు వదిలేద్దామనిపించింది. వదల్లేదు.

"అమ్మా, వచ్చిందా?" అంది, పన్ను నోట్లో ఉండగానే.

"ఇంకా నేదు."

"మంట పెట్టు."

బుల్లమ్మ ఇంకో డొక్క తోసింది. గవరయ్య గోళ్లు కూతురి మెడ మీద చారలు పెట్టాయి. చాపలో రక్తం ఇంకుతోంది. అది ఎవరిదో చెప్పడం కష్టం. గదిలో ఇద్దరి రొప్పులు, మధ్యలో పులుసు గుసగుస.

"ఉడుకొచ్చింది," అంది బుల్లమ్మ. "ఒగ్గీ మీ నాన్నని."

కాసులమ్మ చేతులు విడిచింది. గవరయ్య కొట్టడం కూడా అక్కడే ఆగిపోయింది, కరెంటు పోయి ఫ్యాను ఆగినట్టు. చాలాసేపు చట్టి వైపే చూశాడు. పులుసు మీద నూనె తేలుతూ బుడగలు వస్తున్నాయి. గోడ పట్టుకుని లేచాడు. కుంటుకుంటూ గడప దాకా వెళ్లాడు.

"ఒరే జోగులూ."

"మావా."

"సూరయ్య కాడికి ఎల్లు." లోపల చట్టి వైపు వేలు చూపించాడు. "ఇంత సిన్న సేపతో ఎవుడూ ఎల్లనేదురా, మా ఇంటి నుంచి."

లోపలికొచ్చి, కూతురు ఉమ్మిన పన్నుని చాప మీంచి తీసి నీళ్లలో కడిగి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె జుట్టు ఆయన వేళ్లకి ఇంకా చుట్టుకునే ఉంది. బుల్లమ్మ ముగ్గురికీ అన్నం పెట్టింది. కాసులమ్మ నమలలేక పులుసు నీళ్లు మాత్రం తాగింది.

గణేశ్వరరావు మాట తప్పలేదు. సోమవారం సంతకం వచ్చింది. అప్పలకొండమ్మ కోర్టులో లేచి, ఇక మా కేసు అక్కర్లేదని చెప్పి కూర్చుంది. బయటికొచ్చాక కాసులమ్మ వైపు చూడకుండా స్కూటీ స్టాండు తీసింది.

"సంతోషమా?"

"సంతోషమే దీదీ."

"నాకు కాదు. వెళ్లి అడగమన్నది నేనే, కానీ రెండు వాయిదాలు ఆగుంటే ఆ రూలు నడుం విరిగేది. నువ్వు దాని కింద నుంచి దూరి వచ్చేశావు. అది మాత్రం అక్కడే ఉంది."

ఫైనలు పాత కాలేజీతోనే పడింది. గణేశ్వరరావు దవడకి కట్టుతో బెంచీ మీద కూర్చున్నాడు. విజిల్ ఊదలేడు, అందుకని తాడుతో తొడ మీద కొట్టుకుంటున్నాడు. గవరయ్య ఒంటికాలి మీద, గ్రౌండు చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డాడు. చివరి నిమిషంలో రెండు జట్లూ సమానం. కాసులమ్మ కూతకి వెళ్లింది.

కబడ్డీ కబడ్డీ అంటూ ఒకమ్మాయిని తాకింది, వెనక్కి తిరిగింది. ఆ తిరిగే క్షణంలోనే మూల నుంచి సీతాలు వచ్చింది. రెండు చేతులు చీలమండ మీద, గడ్డం మోకాలి వెనక. తను నేర్పిన పట్టే. కాసులమ్మ బోర్లా పడింది. మట్టి నోట్లోకి వచ్చింది. కూత ఆపలేదు. రెండో కాలితో తన్నింది. మడమ సీతాలు ముక్కు మీద పడింది. సీతాలు వదల్లేదు.

"నీకు మీ ఇంట్లో వొండీసినారు," అంది సీతాలు, రక్తం కాసులమ్మ కాలి మీద కారుతుండగా. "నాకెవులు వొండుతారు దీదీ? మాకు పొయ్యి కూడా గ్యాసుదే."

కూతలో ఉన్నవాళ్లు జవాబు చెప్పకూడదు. కబడ్డీ కబడ్డీ అంటూనే కాసులమ్మ మోచేతుల మీద పాకింది. సీతాలు మెలితిప్పింది. మోకాలిలో ఏదో తెగింది. తెగిన చప్పుడు తనకే వినిపించింది. ఇంకో మూర. ఇంకో జానెడు. వేళ్లు గీతని తాకాయి. విజిల్ మోగింది.

ఆమె జట్టు గెలిచింది. ఆ జట్టు ఓడెక్కి మెయిన్‌లాండ్‌కి పోటీలకి వెళ్తుంది. ఆమె వెళ్లదని మోకాలు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. గవరయ్య కుంటుతూ వచ్చి, కూతుర్ని వీపున వేసుకున్నాడు.

"ఆసుపత్రికేనా?"

"తర్వాత. ముందు వకీల్ దీదీ దగ్గరికి." కాసులమ్మ తండ్రి భుజం మీంచి వెనక్కి తిరిగింది. సీతాలు ముక్కు పట్టుకుని గ్రౌండులోనే కూర్చుని ఉంది, కొడతారేమోనని చూస్తోంది. "ఇలా రా. నీ వయసెంత?"

"ఇరవై."

"బోలెడు టైముంది. రెండు వాయిదాలు కాదు, పది ఆగగలవు. కేసు కాగితం మీద సంతకం చెయ్యడం వచ్చా?"

"హిందీలో వచ్చు."

"చాలు. నడు."

సీతాలు బెంచీ వైపు భయంగా చూసింది. గణేశ్వరరావు తాడు ఆపి వాళ్లనే చూస్తున్నాడు. తర్వాత ఆమె లేచి, చేత్తో ముక్కు ఒత్తుకుంటూ, కుంటుతున్న గవరయ్య పక్కన నడిచింది. కొంత దూరం పోయాక గవరయ్య మెల్లగా అడిగాడు.

"ఈ గుంట బాబు ఎవులు? కొట్టీ మనిసేనా?"

"కాదు తాతా. మా నాన్న పోస్టాఫీసులో పనిచేస్తాడు."

"అయితే కష్టమే," అన్నాడు గవరయ్య, కూతుర్ని వీపు మీద సర్దుకుంటూ.